మూగవోయిన వీణకు మరల మేళము: తమిళసీమ తెలుగిండ్లలో వైణిక విద్య

మేళము అను మాట వినగానే నేటి తెలుగువారికి పెండ్లి పందిరియు, సన్నాయియు, డోలును గుర్తునకు వచ్చును. వైణికుల పరిభాషలో ఆ మాటకు వేరొక అర్థము కలదు. వీణ దండిమీద మైనపు గట్లు పోసి, వానిపై 24 మెట్లను స్వరస్థానముల ననుసరించి నిలుపుటకు మేళము కట్టుట యని పేరు. మేళము చెడిన వీణకు తీగెలు ఎన్ని క్రొత్తవి వేసినను, బిరడలు ఎంత బిగించినను ప్రయోజనము లేదు. అట్టి వీణ చేతిలో నున్నను మూగదే. తంజావూరు, తిరుచిరాపల్లి, మధుర, చెన్నపట్టణము మొదలగు తావులలో తరతరములుగా స్థిరపడిన తెలుగిండ్లలో గోడవార గుడ్డ కప్పి యుంచిన ఇట్టి మూగవీణలు నేటికిని కానవచ్చును. అవి మరల పలుకుట యెట్లు, పలికినపుడు వానితో పాటు ఇంటికి తిరిగివచ్చు విద్య యేది అనునది విచారింపదగిన విషయము.

వీణ యను పేరు మిక్కిలి పాతది. ఆ పేరుతో పిలువబడిన వాద్యము మాత్రము కాలక్రమమున పూర్తిగా మారిపోయినది. అమరావతి, నాగార్జునకొండ శిల్పములలో స్త్రీల ఒడిలో కానవచ్చు వీణకు మెట్లు లేవు. విల్లువలె వంగిన దండమును, దాని మొదట తోలు కప్పిన దొన్నెవంటి భాగమును, ఆ రెంటి నడుమ స్వరమునకొకటి చొప్పున బిగించిన తీగెలును దాని స్వరూపము. ఇంగ్లీషువారు హార్ప్ అను జాతికి చెందిన వాద్యమది. నాలుగవ శతాబ్దమునందలి సముద్రగుప్తుని బంగారు నాణెముపై ఆ రాజు ఒడిలో నున్నదియు ఈ విల్లు వీణయే. కృష్ణాతీరమున అంత విరివిగా చెక్కబడిన యా వాద్యము తరువాత మన దేశమున అడుగంటినది. బర్మాలో మాత్రము సౌంగ్ అను పేర నేటికిని సజీవముగా నున్నది. తమిళులు యాళ్ అని పిలిచిన వాద్యము గూడ ఈ జాతిదే. దాని స్వరూపమును గ్రంథముల నుండి వెలికిదీయవలెనని విపులానందస్వామి అనేక వర్షములు శ్రమించి 1947లో యాళ్ నూల్ అను గ్రంథమును ప్రకటించెను. ఆ కృషి శ్లాఘనీయమే. అయినను, వాయించువారి పరంపర తెగిపోయిన వాద్యమును గ్రంథబలముచే మరల చేయించుట సాధ్యమగును గాని, దానిపై వ్రేళ్ల నడకను గ్రంథము నేర్పజాలదు. విల్లు వీణకు తెలుగుదేశమున పట్టిన గతి యిదియే. శిల్పము మిగిలినది, శిష్యుడు మిగులలేదు.

దండిపై మెట్లు గల వీణ చరిత్ర వేరు. పదమూడవ శతాబ్దమున దేవగిరి యాదవుల యాశ్రయమున శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరమున కిన్నరీవీణకు మెట్లను నిలుపు విధము వర్ణింపబడినది. మైనమునందు కాల్చిన గుడ్డ మసిని కలిపి దానితో మెట్లను అతుకవలెనని ఆ వర్ణన. నేటి పనివారు మైనమున మసినో బొగ్గుపొడినో కలుపుటను చూచినచో, ఏడువందల యేండ్లలో ఈ పాకము ఎంత తక్కువగా మారినదో తెలియును. ఆ శతాబ్దమునందే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున అనేక వీణాభేదముల పేర్లను తెలుగున కూర్చియుంచెను. విజయనగర సామ్రాజ్య కాలమున, 1550లో, రామామాత్యుడు స్వరమేళకళానిధి యందు మెట్ల యమరికను శాస్త్రముగా నిరూపించెను. ఒక రాగమునకు తగిన స్వరములకు మాత్రమే మెట్లు నిలిపి, రాగము మారినపుడు వానిని కదుపుట ఏకరాగ మేళము. అన్ని రాగములకును చాలునట్లు అన్ని స్థానములందును మెట్లు నిలుపుట సర్వరాగ మేళము. రాగములను వర్గీకరించుటకు మేళము అను పేరు వీణ మెట్ల యమరికతో పెనవేసికొనియే శాస్త్రమున స్థిరపడినది. శ్రుతి మేళవించుట యను తెలుగు పలుకుబడియు ఆ కుదుటికే చెందినది.

తంజావూరు నాయకరాజులు తెలుగువారు. రఘునాథ నాయకుడు 1600 మొదలు 1634 వరకు పాలించెను. తెలుగున వాల్మీకి చరిత్రమును రచించిన ఈ రాజు పేరనే సంగీతసుధ యను సంస్కృత గ్రంథము వెలసినది; మంత్రియైన గోవింద దీక్షితుని కృతి యది యని పలువురి మతము. అందు రఘునాథేంద్ర మేళవీణ యను నొక వీణ చెప్పబడినది. గోవింద దీక్షితుని పుత్రుడు వేంకటమఖి విజయరాఘవ నాయకుని ప్రేరణచే చతుర్దండీ ప్రకాశికను రచించుచు, మొట్టమొదటి ప్రకరణమును వీణకే కేటాయించెను. డెబ్బదిరెండు మేళముల లెక్క కూడ ఆ గ్రంథమునందే కలదు. గోవింద దీక్షితుడు కర్ణాటక బ్రాహ్మణుడు. ఈ కీర్తినంతయు తెలుగువారికే కట్టబెట్టుట ఉచితము కాదు. నేటి 24 మెట్ల వీణను రఘునాథుడే నిర్ణయించె నని వాడుక. వాడుకను వాడుకగానే గ్రహింపవలెను గాని, మెట్లను కదుపనక్కరలేని సర్వరాగ మేళవీణకు తంజావూరు ఆస్థానమున ప్రతిష్ఠ కలిగిన దనుట మాత్రము నిస్సందేహము. కన్నడిగుడైన మంత్రి, తెలుగువాడైన రాజు, తమిళసీమ పనివాడు, పనసమ్రాను, ఈ నాలుగును కలిసిన చోట మన వీణ రూపొందినది.

విజయరాఘవుని పిదప నాయకరాజ్యము 1673లో అంతరించి, కొలది కాలమునకు మరాఠా రాజ్యము వచ్చినను తెలుగు సాహిత్యమునకు, తెలుగు పాటకు అచట లోటు రాలేదు. త్యాగరాజస్వామి (1767-1847) ఇల్లు తెలుగిల్లు. ఆయన మాతామహుడు వీణ కాళహస్తయ్య యని సంప్రదాయము. గురువు శొంఠి వేంకటరమణయ్య. కావేరి యొడ్డున పుట్టి, ఆంధ్రదేశమునకు దూరముగ పెరిగిన తెలుగువాడు రచించిన కృతులు నేడు ఆంధ్రదేశమునకే పాఠమగుట ప్రవాసాంధ్రుల చరిత్రలో చిన్న విషయము కాదు.

1855లో తంజావూరు రాజు శివాజీ పురుషసంతానము లేక గతించుటతో ఆ సంస్థానము ఇంగ్లీషు కంపెనీ వశమయ్యెను. విద్వాంసులు మైసూరునకు, తిరువాన్కూరునకు, చెన్నపట్టణమునకు, జమీందారీలకును చెదరిపోయిరి. ఆ జమీందారీలలో ఎట్టయాపురము ప్రత్యేకముగ పేర్కొనదగినది. ఆ ప్రభువులు తెలుగు మాటలాడు రాజకంబళ నాయకులు; తిరునల్వేలి సీమలో శతాబ్దములనుండి నెలకొన్నవారు. వైణికుడైన ముత్తుస్వామి దీక్షితులు 1835లో దేహము చాలించినది ఎట్టయాపురముననే. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ సంస్థానమున విద్వాంసుడు. బాలుస్వామి దౌహిత్రుడును, దత్తపుత్రుడు నగు సుబ్బరామ దీక్షితులు (1839-1906) వంశమునందలి విద్యనంతయు గ్రంథస్థము చేసి 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని ఎట్టయాపురముననే అచ్చొత్తించెను. చెన్నపట్టణపు చిన్నస్వామి మొదలియారు ప్రోద్బలము దీనికి ముఖ్యకారణము. సుమారు 1700 పుటల ఈ గ్రంథము తెలుగు లిపిలో, తెలుగు భాషలో నున్నది. తమిళసీమ దక్షిణపు కొసన, తెలుగు ప్రభువు ధనముతో, తమిళుల యింట పుట్టిన విద్వాంసుడు తెలుగున వ్రాసిన గ్రంథమిది.

వైణికులకు ప్రదర్శిని మరియొక విధమున గూడ ముఖ్యము. కంపితము, స్ఫురితము, నొక్కు, రవ, ఖండింపు, ఒదుక్కల్, జారు మొదలగు గమకములకు సుబ్బరామ దీక్షితులు ప్రత్యేకమైన గుర్తులను కల్పించి, ఒక్కొక్కదానిని వీణమీద ఎట్లు పలికింపవలెనో, ఏ మెట్టున తీగెను ఎట్లు కదుపవలెనో మాటలలో వివరించెను. యాళ్ విషయమున లోపించినదేదో అదియే యిందు కలదు. గురువు లేని యింటికి గురువు రాలేడు. ఐనను గురువు చేతి కదలికకు దగ్గరగా పోగలిగిన వ్రాత యిది. కాని నేడు తమిళనాట పెరిగిన తెలుగు బాలబాలికలలో పెక్కుమందికి ఆ తెలుగు లిపి చదువరాదు. చెన్నపట్టణపు సంగీత విద్వత్సభ 1961 మొదలుగా ఈ గ్రంథమును తమిళ లిపిలో సంపుటములుగా ప్రకటించినందున, ఆ యిండ్లవారు తమ భాషలోని గ్రంథమును పరలిపిలో చదువుకొను స్థితి యేర్పడినది.

ఇక మూగవీణ విషయము. వీణ చెడుటకు కారణములు పెక్కులు. ఎండకు మైనము మెత్తబడి మెట్లు కదలును. వాయించుచుండగా తీగె ఒరసికొని మెట్టు తలపై గాడి పడును. ఆ గాడిలో తీగె చిక్కినచో గమకము సాగదు, నాదము గరగరలాడును. గుర్రముమీది లోహపు రేకు అరిగినను నాదము చచ్చును. తీగెల బిగువు ఏండ్ల తరబడి లాగుటచే దండి వంగుటయు కలదు. వర్షాకాలపు చెమ్మకు అతుకులు విచ్చుటయు, యాళి తల విడిపోవుటయు, కుండ పలక చీలుటయు, పురుగు తొలుచుటయు వానికి తోడు. వాయింపకుండ మూలనుంచిన వీణ వాయించు వీణకంటె త్వరగా చెడుననుట వైణికులందరు చెప్పు మాట. అందులో నిజము లేకపోలేదు. వాయించువాడు ప్రతిదినము చూచును, తుడుచును, చిన్న లోపము పెద్దది కాకముందే దిద్దించును.

బాగుచేయుట యనగా మెరుగు పెట్టుట కాదు. పాత పనసమ్రాను ఏండ్లకొలది ఆరి తేలికయై నాదమును చక్కగా ఇచ్చును. దానిపై మందమైన రంగు పూతలు పూయించి క్రొత్తదానివలె నిగనిగలాడించుట ఇంటివారికి ముచ్చటయే గాని వీణకు మేలు కాదు. కుండ, దండి, తల మూడును ఒకే మ్రానున తొలిచిన ఏకాండ వీణ యైనచో దాని విలువ మరింత హెచ్చు. వేరువేరుగా చేసి అతికిన వీణలో అతుకు విడిచినచో దానిని మరల అతుకుట సుకరము. ఏకాండ వీణలో చీలిక వచ్చినచో పనివాని నేర్పునకు పరీక్ష. దండి క్రింది సొరబుర్ర పగిలినచో నేడు కాగితపు ముద్దతోనో, లోహముతోనో, ఫైబరుతోనో చేసిన బుర్రను తగిలింతురు. నాదమునకు ముఖ్యము కుండ గనుక, దీనికై విచారింప నక్కరలేదు.

మేళము కట్టుటయే అసలైన పని. పనివాడు పాత మెట్లనన్నిటిని ఊడదీసి, గాడులు పడిన తలలను అరగదీయును. మరీ అరిగినవానిని మార్చును. పాత మైనమును తొలగించి, క్రొత్తగా కాచిన మైనమున మసియో బొగ్గుపొడియో కలిపి, దండికి ఇరువైపుల గట్లుగా పోయును. ఆ పాకము మెత్తనైనచో మెట్టు నిలువదు. గట్టిదైనచో పెళుసై చిట్లును. పిమ్మట తీగెను శ్రుతి చేసి, మెట్లను ఒక్కొక్కటిగా నిలుపును. లెక్క తెలిసినదే. తీగె నిడివిలో సగమున పై షడ్జము, అది పండ్రెండవ మెట్టు. మూడవ వంతు తగ్గిన చోట పంచమము, ఏడవ మెట్టు. నాల్గవ వంతు తగ్గిన చోట మధ్యమము, అయిదవ మెట్టు. కడపటిదగు 24వ మెట్టు వద్ద మ్రోగు తీగె మొత్తము నిడివిలో నాల్గవ వంతు. కాని కొలబద్దతో మేళము కట్టిన వీణ వినుటకు ఇంపుగా నుండదు. వ్రేలితో అదిమినపుడు తీగె బిగిసి స్వరము కొంచెము హెచ్చును. ఆ హెచ్చు మెట్టు యెత్తును బట్టియు, తీగె లావును బట్టియు మారును. అందుచే చెవియే ప్రమాణము. సారణి తీగెపై స్థానము కుదిరిన తరువాత పంచమ, మంద్ర, అనుమంద్ర తీగెలపై సయితము ఆ మెట్టునే మీటి చూచి, వెంట్రుకవాసి జరుపును. నేడు విద్యుద్యంత్రముతో శ్రుతి చూచు పనివారు గూడ కలరు. ఆ యంత్రము తప్పు చెప్పదు గాని, అంతర గాంధారము పంచమమునకు, షడ్జమునకు ఎంత ఒదిగి యుండవలెనో చెవి చెప్పును. తుది మాట వైణికునిది. అందుచేతనే మేళము కట్టునపుడు వాయించువారు ప్రక్కన కూర్చుండవలె నను ఆచారము మంచిది.

ఈ పనిలో తంజావూరు పనివారికి గల పేరు జగద్విదితము. తంజావూరు వీణకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది. తెలుగునాట బొబ్బిలియు అంతటిదే. బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశములవారు ఒకే పనసమ్రానున వీణను తొలుచు విద్యను నిలుపుకొనిరి. ఉత్కళమునందలి తెలుగువారికి తంజావూరుకంటె బొబ్బిలియే చేరువ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి, బరంపురము, జయపురము, పర్లాకిమిడి పట్టణము అందు చేరినను, అచటి తెలుగుల సంగీతము బొబ్బిలి విజయనగరముల వంకకే చూచినది. విజయనగరమున 1919లో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షతన వెలసిన సంగీత పాఠశాల ఇందుకు గొప్ప ఆలంబనము. 1948లో మద్రాసు రాష్ట్రమున జమీందారీల రద్దు చట్టము వచ్చుటతో ఎట్టయాపురమునకు వలెనే బొబ్బిలికి సయితము రాజపోషణ అంతరించి, వీణ మధ్యతరగతి గృహస్థుని పోషణకు వచ్చినది.

ఆ గృహములలో వీణ పట్టినవారు ముఖ్యముగా స్త్రీలు. అది గర్వింపదగినదే యైనను, దానియందు ఒక దుఃఖము కూడ కలదు. పెండ్లిచూపులకు వీణ వాయించుట ఒక యోగ్యతగా నెంచిరి. పెండ్లియైన పిమ్మట ఆ వీణను మూలనుంచిరి. ఎనిమిదేండ్లు, పదేండ్లు సాధన చేసిన చేతులు వంటయింటి పనులలో పడెను. వీణ గోడవార నిలిచినది. ఈ వ్యర్థమును సంప్రదాయమని చెప్పి కప్పిపుచ్చుట తగదు. పిల్లలు పెద్దవారైన తరువాత, ఏబదియవ యేటనో, అరువదియవ యేటనో మేళము కట్టించి మరల కూర్చుండు తల్లులకు మొదట వ్రేళ్లు వినవు. ఎడమచేతి చూపుడువ్రేలు, నడిమివ్రేలు తీగె ఒత్తిడికి కాయ కాచవలెను, అంతవరకు నొప్పియే. వేగము ఆలస్యముగ వచ్చును. అట్లయినను, చిన్ననాట గురుముఖమున నేర్చిన వర్ణము చేతికి అందకముందే చెవికి అందును. ఎచట తప్పినదో వెంటనే తెలియును. నూతనముగ నేర్చువారికి లేని బలమిది.

అట్టివారు మరల పాఠము చెప్ప బూనినపుడు, వారియొద్ద నున్నది స్వరజ్ఞానము మాత్రము కాదు, భాష కూడ. వీణపై కృతిని వాయించునపుడు కుడిచేతి మీటు సాహిత్యాక్షరమును అనుసరించును. అక్షరము పడుచోట మీటు. దీర్ఘము సాగుచోట మీటులేక ఎడమచేతి గమకము. కనుక ఆ మాట ఎచట విరుగునో, ఏ సమాసము ఎచట ముగియునో ఎరుగనివారు అనవసరముగ మీటి మాటను తునియలు చేయుదురు. వినువారికి భాష వచ్చినచో, పాడకున్నను తీగెపై మాట వినబడవలెను. ఈమని శంకరశాస్త్రి (1922-1987), ఆయన శిష్యుడు చిట్టిబాబు (1936-1996) వంటివారు చెన్నపట్టణమునందే యుండి పేరొందినది ఇట్టి గాయకపు నడకవలననే. ఒకడు ద్రాక్షారామము వాడు, మరియొకడు కాకినాడ వాడు. వారి తరమునకు తెలుగు ఇంటిలోను బడిలోను దొరకినది.

నేటి బాలుని స్థితి వేరు. తమిళనాట 2006లో వచ్చిన చట్టముచే తమిళము బడులలో తప్పనిసరి పాఠ్యమైనది. 2015-16లో పదవ తరగతివారికి ఆ నిబంధన తగిలినది. భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానముల కెక్కి కొంత ఉపశమనము పొందిరి. తమిళము నేర్చుట తప్పు కాదు, ఆ నేలపై నివసించువారికి అది ధర్మము కూడ. కష్టము వేరొక చోట నున్నది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒక్కటే అక్షరము. అందుచే సంగీత గ్రంథములలో ఆ యక్షరముపై 1, 2, 3, 4 అంకెలు వేసి భేదము చూపుదురు. అంకెలను చూచి పలుకు బాలునికి ఉచ్చారణ వచ్చును, అర్థము రాదు. ఇంటిలో తెలుగు మాటలాడుచు, కృతిలోని తెలుగు తన తెలుగే యని గుర్తింపని పిల్లలు పెక్కుమంది. బామ్మ ప్రక్కన కూర్చుండి, ఈ మాట ఇంతవరకు, ఇచట ఆపుము, ఇచట మీటవలదు అని చెప్పిననాడు ఆ బాలునికి వీణయు తెలుగును ఒకే పాఠమున అబ్బును. కళాశాలలో జీతమునకు కుదిరిన ఆచార్యుడు, తెలుగు రానివాడైనచో, ఎంత విద్వాంసుడైనను ఈ యొక్క పని చేయజాలడు.

ఇందుకు ధనవ్యయము లేకపోలేదు. మంచి పనసమ్రాను కరవైనది. ఈ పని నేర్చు యువకులు తగ్గుచున్నారు. క్రొత్త వీణ కొనుటకన్న పాతదానికి మేళము కట్టించుట ఎన్నో మడుగులు చవుక గనుక, ఇంటనున్న దానిని ఊరక పోనిచ్చుట అవివేకము. తెలుగు సంఘములు వార్షికోత్సవములందు పూలమాలలకు వెచ్చించునదానిలో కొంత భాగమైన తమ ఊరిలోని మూగవీణల మేళములకు వెచ్చించినచో వ్యర్థము కాబోదు. సంఘ సభ్యుల యిండ్లలో వీణలు ఎన్ని కలవో, వానిలో పలుకునవి ఎన్నియో, పాఠము చెప్పగలవారు ఎవరో ఒక జాబితా వ్రాసికొనుటకు ధనముతో పనియే లేదు.

తమిళసీమ తెలుగిండ్లలో నవరాత్రులందు సరస్వతీపూజనాడు పుస్తకములతో పాటు వీణను గూడ పీటపై నుంచి పూజింతురు. ఆనాడు చదువును, వాద్యమును ముట్టరు. మరునాడు విజయదశమి, పునఃపూజ చేసి, పుస్తకమును తెరచి, వీణను చేతికి తీసికొని, పిల్లలకు మొదటి పాఠము ఆనాడే చెప్పుట ఆచారము. మేళము కట్టించదలచినవారు శ్రావణ భాద్రపదములలోనే పనివానిని పిలుచుట మేలు. క్రొత్త మైనము గట్టిపడి, మెట్లు కుదురుకొన్న తరువాత మరియొకమారు దిద్దింపవలసి యుండును. అది ముగిసి వీణ యింటికి వచ్చిన పిమ్మట పాఠము మాయామాళవగౌళ సరళీవరుసలతో మొదలగును. పెద్దలకును పిల్లలకును వరుస ఒక్కటే.